బైక్ హ్యాండిల్ మీది బటన్‌తో గ్యారేజ్ తలుపు తెరుచుకునేలా వైరింగ్ చేసుకోవడం ఎలా?

వాన పడుతోంది. చేతులకు గ్లవ్స్, ఒంటిమీద రెయిన్‌కోటు, రిమోట్ ఎక్కడో లోపలి జేబులో. గ్యారేజ్ ముందు బండి ఆపి, గ్లవ్ ఊడదీసి, జిప్పు లాగి, తడి వేళ్లతో రిమోట్ కోసం తడుముకోవాలి. దారి కాస్త ఏటవాలుగా ఉంటే ముందు బ్రేకు వదలడానికీ లేదు. పోనీ రిమోట్‌ని హ్యాండిల్‌కే తగిలించేద్దామంటే, బండి ఆపిన ప్రతిచోటా ఇంటి తాళం చెవి వేలాడదీసి వెళ్లినట్టవుతుంది.

అందుకే రిమోట్‌ని బండి లోపల దాచిపెట్టి, దాని బటన్‌ని మాత్రం హ్యాండిల్ దగ్గరికి తెచ్చుకుందాం. టంకం వేయడం, మల్టీమీటర్ వాడటం వచ్చినవాళ్లకు ఇది ఒక పూట పని. అయితే రెండు షరతులు నేను ఎప్పుడూ వదలను. ఒకటి, బండి కరెంటు రిమోట్ సర్క్యూట్‌లోకి వెళ్లకూడదు. రెండు, బండి తాళం ఆన్‌లో లేకపోతే ఎవరు ఎంతసేపు నొక్కినా తలుపు కదలకూడదు. కింద చెప్పినవన్నీ ఈ రెండింటి కోసమే.

ఏ పద్ధతి మంచిది?

సాధారణంగా మూడు పద్ధతులు వాడతారు. అన్నిటికన్నా తేలికైనది, రిమోట్ బటన్ కాళ్ల నుంచి రెండు వైర్లు లాగి హ్యాండిల్ మీద ఒక స్విచ్‌కి కలపడం. పనిచేస్తుంది. కానీ తాళం తీసేసినా ఆ స్విచ్ పనిచేస్తూనే ఉంటుంది కాబట్టి పార్కింగ్‌లో ఉన్న బండి ఇంటి ముందే ఉంటే ఎవరైనా నొక్కి లోపలికి వెళ్లిపోవచ్చు. పైగా ఆ పొడుగాటి వైర్లు ఇంజన్ పక్కనుంచి పోతాయి. స్పార్క్ ప్లగ్ వల్ల పుట్టే అలజడి వాటిలోకి చేరి, నొక్కకుండానే రిమోట్ మేల్కొనే అవకాశం ఉంది.

రెండోది పాస్ లైట్ పద్ధతి. రిమోట్ బటన్‌ని టంకంతో శాశ్వతంగా కలిపేసి, దానికి కావాల్సిన కరెంటు హై బీమ్ వైరు నుంచి ఇస్తారు. పాస్ స్విచ్ నొక్కగానే రిమోట్‌కి ప్రాణం వచ్చి సిగ్నల్ పంపుతుంది. హ్యాండిల్ మీద కొత్త బటన్ అక్కర్లేదు, చూడ్డానికి ఎంతో శుభ్రంగా ఉంటుంది. నేనూ మొదట ఇదే చేశాను. ఒకరోజు ఉదయం తలుపు మూసి బయల్దేరి, మలుపు దగ్గర ఎదురొచ్చిన కారుకి అలవాటుగా పాస్ లైట్ కొట్టాను. సాయంత్రం తిరిగొస్తే గ్యారేజ్ తలుపు బార్లా తెరిచి ఉంది. ఏమీ పోలేదు కానీ, పగలంతా ఇల్లు అలా తెరిచి ఉందన్న ఆలోచన చాలా రోజులు వెంటాడింది. ఆ వారాంతమే ఆ వైరింగ్ మొత్తం పీకేశాను.

ఈ పద్ధతిలో ఇంకో చిక్కు కూడా ఉంది. ఇప్పటి రిమోట్లు చాలావరకు రోలింగ్ కోడ్ రకం. నొక్కిన ప్రతిసారీ కోడ్ మారుతుంది. రిమోట్ ఒక లెక్క పెట్టుకుంటుంది, రిసీవర్ కూడా అదే లెక్క పెట్టుకుంటుంది. కీలాక్ అనే రోలింగ్ కోడ్ పద్ధతి చిప్పులు వాడే రిమోట్లలో మామూలుగా 16 నొక్కుల తేడా వరకే రిసీవర్ ఒప్పుకుంటుంది. అంతకు మించితే వరుసగా రెండుసార్లు నొక్కితే గానీ లెక్క కలవదు. రోజంతా రోడ్డు మీద పాస్ లైట్ కొడుతూ తిరిగినవాళ్లకు ఇంటికొచ్చాక మొదటి నొక్కుకి తలుపు కదలకపోవడానికి కారణం ఇదే. రాత్రి హై బీమ్ వేసుకుని నడిపేటప్పుడు రిమోట్‌కి అంతసేపూ కరెంటు అందుతూ ఉంటుందన్నది వేరే సంగతి.

మూడోది రిలే పద్ధతి. రిలే అంటే కాయిల్‌కి కరెంటు ఇస్తే కలిసే స్విచ్. నేను చెప్పేది దీని గురించే. రిమోట్ తన సెల్‌తో తాను పనిచేస్తుంది. హ్యాండిల్ మీద బటన్ నొక్కితే బండి కరెంటు ఒక చిన్న రిలే కాయిల్‌కి వెళ్తుంది. రిలే లోపలి కాంటాక్టులు కలుసుకుని రిమోట్ బటన్‌ని నొక్కినట్టు చేస్తాయి. బండి వైరింగ్‌కీ రిమోట్‌కీ మధ్య విద్యుత్ సంబంధమే ఉండదు.

కావాల్సినవి

ముందుగా ఒక అదనపు రిమోట్. ఉన్న ఒక్క రిమోట్‌నే విప్పొద్దు. టంకం వేసేటప్పుడు ఏదైనా తేడా జరిగితే తలుపు తెరవడానికి దారి ఉండదు. కొత్త రిమోట్‌ని మోటారు మీద ఉండే లెర్న్ బటన్ నొక్కి జత చేసుకోండి. తలుపుని నాలుగైదు సార్లు తెరిచి మూసి చూశాకే విప్పండి. పాతకాలం ఫిక్స్‌డ్ కోడ్ రిమోట్ అయితే, లోపల వరుసగా ఉండే చిన్న చిన్న డిప్ స్విచ్‌లను పాత రిమోట్‌లో ఉన్నట్టే పెడితే సరిపోతుంది. రెండు రిమోట్లదీ ఒకే ఫ్రీక్వెన్సీ అయి ఉండాలి: 315, 390, 433.92 మెగాహెర్ట్జ్ లాంటివి వెనక లేబుల్ మీద రాసి ఉంటాయి.

రిలే విషయంలో చాలామంది పొరబడతారు. హెడ్‌లైట్లకు, హారన్లకు వాడే పెద్ద ఆటోమొబైల్ రిలే ఇక్కడ వద్దు. దాని కాంటాక్టులు పదుల ఆంపియర్ల కోసం చేసినవి. రిమోట్ బటన్ గుండా పోయే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ. కాంటాక్టు మీద పట్టే సన్నని పొరను కాల్చేసే శక్తి ఆ కరెంటుకి ఉండదు, అందువల్ల కొన్నాళ్లకు రిలే టిక్కుమంటున్నా రిమోట్ పలకదు. 12 వోల్టుల కాయిల్ ఉండి, పూర్తిగా సీల్ చేసిన చిన్న సిగ్నల్ రిలే తీసుకోండి. కాయిల్ తీసుకునే కరెంటు 30 మిల్లీ ఆంపియర్లు ఉన్నా చాలు.

మిగతావి: ఒక 1ఎన్ 4007 డయోడ్, హోల్డర్‌తో సహా 1 ఆంపియర్ ఫ్యూజ్, నొక్కినంతసేపే కలిసి వదలగానే విడిపోయే వాటర్‌ప్రూఫ్ పుష్ బటన్, 0.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, రిమోట్ లోపలికి ఇంకా సన్నని మెత్తని వైరు, హీట్ ష్రింక్ స్లీవ్‌లు, రెండు పిన్నుల కనెక్టర్, మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బా, కేబుల్ టైలు, సన్న మొన ఉన్న సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటర్.

రిమోట్ విప్పడం, టంకం వేయడం

పని మొత్తంలో ఓపిక కావాల్సింది ఇక్కడే. రిమోట్ మూత తీసి ముందు సెల్ బయట పెట్టండి. లోపల బోర్డు మీద మీరు నొక్కే బటన్ కింద నలుచదరంగా ఒక చిన్న స్విచ్, దానికి నాలుగు కాళ్లు కనిపిస్తాయి. నాలుగు కాళ్లున్నా నిజానికి ఉన్నవి రెండు కొసలే. కాళ్లు రెండేసి చొప్పున లోపలే కలిసి ఉంటాయి. ఏవి కలిసినవో తెలియకపోతే ఎదురెదురు మూలల్లో ఉన్న రెండు కాళ్లు తీసుకోండి. ఈ రకం స్విచ్‌లో మూలకు మూల ఎప్పుడూ వేర్వేరు కొసలే. అయినా మల్టీమీటర్‌ని కంటిన్యుటీలో పెట్టి చూసుకోండి: మామూలుగా చప్పుడు ఉండకూడదు, బటన్ నొక్కగానే బీప్ అనాలి, వదలగానే ఆగాలి.

ఇప్పుడు సన్నని వైరు రెండు ముక్కలు, ఒక్కోటి జానెడుకు మించకుండా తీసుకోండి. కొసలు ఒలిచి వాటికి ముందే టంకం పట్టించండి. స్విచ్ కాలు మీద కూడా ఒక చుక్క టంకం వేయండి. తర్వాత వైరు కొసను ఆ చుక్క మీద ఆనించి ఐరన్ తాకిస్తే రెండూ కరిగి ఒకటవుతాయి. రెండు మూడు సెకన్లలో పని అయిపోవాలి. ఇంకా ఎక్కువసేపు వేడి చేస్తే బోర్డు మీది రాగి పొర ఊడి పైకి లేస్తుంది, దాన్ని మళ్లీ అతికించడం చాలా కష్టం. చల్లారిన టంకం నున్నగా మెరుస్తూ కాలిని చుట్టుకుని ఉండాలి. గుండ్రంగా ముద్దలా నిలబడితే అది పట్టలేదని అర్థం.

వైరు లాగినప్పుడు బరువు టంకం మీద పడకుండా, వైరు బోర్డు అంచు దాటేచోట ఒక చుక్క హాట్ గ్లూ పెట్టండి. ఆ గ్లూ బోర్డు మీది రాగి చుట్టకి గానీ, స్క్రూలా తిరిగే చిన్న ట్రిమ్మర్‌కి గానీ తగలనివ్వొద్దు. ఫ్రీక్వెన్సీని నిలబెట్టేవి అవే. వాటి మీద ఏది పడినా ఫ్రీక్వెన్సీ జరిగి రేంజ్ పడిపోతుంది. సిలికాన్ వాడేవాళ్లు వెనిగర్ వాసన వచ్చేది వాడొద్దు. అందులోంచి వచ్చే ఆమ్లం రాగిని తినేసి కాళ్లను పచ్చగా మారుస్తుంది. న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్నది అయితే ఫర్వాలేదు.

సెల్ తిరిగి పెట్టి, బయటికి వచ్చిన రెండు వైర్ల కొసలూ ఒక క్షణం కలపండి. రిమోట్ మీది చిన్న లైటు వెలిగి తలుపు కదిలితే సగం పని అయిపోయినట్టే.

రిలే వైపు

కరెంటు నడిచే దారి ఇలా ఉంటుంది. తాళం ఆన్ చేసినప్పుడే కరెంటు వచ్చే ఒక వైరు, అక్కడి నుంచి ఫ్యూజ్, ఫ్యూజ్ నుంచి హ్యాండిల్ మీది బటన్, బటన్ నుంచి రిలే కాయిల్ ఒక కాలు. కాయిల్ రెండో కాలు బండి ఎర్త్‌కి. రిలేలో కామన్, నార్మల్లీ ఓపెన్ అని ఉండే రెండు కాళ్లు రిమోట్ నుంచి వచ్చిన రెండు వైర్లకు.

డయోడ్‌ని కాయిల్ రెండు కాళ్ల మీద అడ్డంగా వేయాలి. తెల్లగీత ఉన్న కొస పాజిటివ్ వైపు. బటన్ వదిలిన క్షణంలో కాయిల్‌లోంచి వోల్టేజి ఒక్కసారిగా ఎదురు తన్నుతుంది, అది బటన్‌నీ బండి ఎలక్ట్రానిక్స్‌నీ దెబ్బతీయకుండా ఈ డయోడ్ మింగేస్తుంది. తిరగేసి వేస్తే బటన్ నొక్కగానే ఫ్యూజ్ పోతుంది. ఫ్యూజ్ పెట్టమనడానికి అదీ ఒక కారణం.

రిలేని రిమోట్ పక్కనే, ఒకే డబ్బాలో పెట్టండి. రిమోట్‌కి తగిలే వైర్లు పొట్టిగా ఉండాలి. హ్యాండిల్ దాకా వెళ్లే పొడుగు వైర్లు కాయిల్ వైపు ఉన్నా నష్టం లేదు. అలజడి సిగ్నల్‌కి రిలేని లాగే బలం ఉండదు.

కరెంటు తీసుకునే వైరు ఎంచుకునేటప్పుడు తొందరపడొద్దు. టెయిల్ ల్యాంప్ వైరు చేతికి అందుతుంది కాబట్టి చాలామంది దాని నుంచే తీసుకుంటారు. కానీ కొన్ని బళ్లలో తాళాన్ని పార్కింగ్ స్థానంలో పెట్టి చెవి బయటికి తీసినా టెయిల్ ల్యాంప్ వెలుగుతూనే ఉంటుంది. మల్టీమీటర్ డీసీ వోల్టుల్లో పెట్టి, తాళం ఉన్న అన్ని స్థానాల్లో ఆ వైరు చూడండి. ఆన్‌లో 12 వోల్టుల పైన, మిగతా అన్నిట్లో సున్నా చూపించాలి. హారన్‌కి వచ్చే సప్లై వైరు చాలా బళ్లలో ఇందుకు సరిపోతుంది.

ఇంకో జాగ్రత్త. క్యాన్ బస్ (బండిలోని కంట్రోల్ యూనిట్లు ఒకదానితో ఒకటి సమాచారం పంచుకునే వైరింగ్) ఉన్న బళ్లలో, ఉదాహరణకు 2004లో వచ్చిన బీఎండబ్ల్యూ ఆర్ 1200 జీఎస్ లాంటి వాటిలో, కంపెనీ స్విచ్‌ల వైర్లను కోసి మన వైర్లు కలపొద్దు. కంట్రోల్ యూనిట్ ప్రతి సర్క్యూట్‌నీ గమనిస్తూ ఉంటుంది, తేడా కనిపిస్తే ఎర్రర్ చూపిస్తుంది లేదా ఆ సర్క్యూట్ ఆపేస్తుంది. అలాంటి బండికి అదనపు సామాన్ల కోసం కంపెనీ ఇచ్చిన సాకెట్ ఉంటే అక్కడి నుంచి తీసుకోండి. ఆ సాకెట్ తాళం తీశాక కూడా కొంతసేపు కరెంటు ఇస్తుంటే, అది ఎంతసేపో చూసుకోండి.

బండి మీద బిగించడం

ముందుగా బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పండి. పాజిటివ్ ముందు విప్పబోతే స్పానర్ ఫ్రేముకి తగిలి నిప్పులు రేగుతాయి. బిగించేటప్పుడు తిరగేసి: పాజిటివ్ ముందు, నెగటివ్ చివర.

రిమోట్ డబ్బా ఎక్కడ పెట్టాలన్నది చూసి తేల్చుకోవాలి. చుట్టూ ఇనుము ఉంటే సిగ్నల్ బయటికి రాదు. పెట్రోల్ ట్యాంకు కింద, ఇనుప టూల్ బాక్సులో పెట్టి రేంజ్ లేదని బాధపడి లాభం లేదు. హెడ్‌లైట్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ కౌల్ లోపల, లేదా సీటు వెనక ప్లాస్టిక్ భాగం కింద బాగుంటుంది. బిగించేముందు రిమోట్‌ని అక్కడ టేపుతో అంటించి, మీరు మామూలుగా నొక్కాలనుకునే చోటు నుంచి వైర్లు కలిపి చూడండి. రెండు మూడు చోట్లు మార్చి చూస్తే తేడా మీకే తెలుస్తుంది.

డబ్బాలో రిమోట్ చుట్టూ పలుచని ఫోమ్ పెట్టండి. బండి అదురుకి నాణెం సెల్ కాంటాక్ట్ నుంచి క్షణకాలం లేస్తే కొన్ని రిమోట్లు తడబడతాయి. సెల్ మీద కూడా ఒక ఫోమ్ ముక్క ఆనేలా మూత బిగిస్తే అది కదలదు. వైర్లు బయటికి వచ్చే రంధ్రం కిందివైపు ఉండాలి. డబ్బాలోకి వెళ్లేముందు వైరు ఒకసారి కిందికి వంగి మళ్లీ పైకి వెళ్లేలా చూడండి. నీళ్లు వైరు వెంట జారి ఆ వంపు దగ్గరే కారిపోతాయి.

హ్యాండిల్ మీద బటన్‌ని ఎడమ బొటనవేలికి అందేచోట పెట్టండి, కానీ హారన్‌కి మరీ దగ్గరగా వద్దు. గ్లవ్స్ వేసుకుని, కళ్లు మూసుకుని వేలితో వెతికి చూడండి. తడబడకుండా దొరికితే అది సరైన చోటు. వైర్లను కంపెనీ వైరింగ్ వెళ్లే దారిలోనే తీసుకెళ్లి కేబుల్ టైలతో కట్టండి. కట్టేముందు హ్యాండిల్‌ని ఈ చివరి నుంచి ఆ చివరికి పూర్తిగా తిప్పి, వైరు ఎక్కడా బిగుసుకోవడం, నలగడం లేదని చూసుకోండి. సైలెన్సర్ దగ్గరికి, ఇంజన్ తలకాయ దగ్గరికి వైరు పోకూడదు.

బటన్‌కీ డబ్బాకీ మధ్య రెండు పిన్నుల కనెక్టర్ వేయండి. ఎందుకో చివర్లో చెప్తాను.

పరీక్షించడం

మొదట ఇంజన్ ఆపి ఉంచి తాళం మాత్రం ఆన్ చేయండి. బటన్ నొక్కితే డబ్బా దగ్గర సన్నగా టిక్ అని వినిపించాలి. టిక్ వచ్చి తలుపు కదలకపోతే లోపం రిమోట్ వైపు వైర్లలో ఉంది. టిక్కే రాకపోతే ఫ్యూజ్, ఎర్త్, బటన్ వరుసగా చూడండి. ఎర్త్ తీసుకున్న బోల్టు కింద పెయింటు ఉండటం తరచుగా ఎదురయ్యే లోపం, గీకేస్తే సరి. తర్వాత తాళం తీసేసి బటన్‌ని పది సార్లు నొక్కండి. ఏమీ జరగకూడదు.

ఇంజన్ స్టార్ట్ చేసి చూడాల్సి వచ్చినప్పుడు బండిని బయటికి తీసుకురండి. మూసిన గ్యారేజ్‌లో నడిచే ఇంజన్ కార్బన్ మోనాక్సైడ్ నింపుతుంది, దానికి రంగూ వాసనా ఉండదు. బయట, ఇంజన్ నడుస్తుండగా, రేస్ పెంచి తగ్గించి చూడండి. బటన్ ముట్టుకోకుండా తలుపు కదలకూడదు. బటన్‌ని అర సెకను నుంచి ఒక సెకను పట్టి ఉంచడం అలవాటు చేసుకోండి, తొందరగా తట్టి వదిలేస్తే కోడ్ పూర్తిగా వెళ్లదు.

బండి నుంచి తలుపు మూయడం తేలికైపోయింది కాబట్టి ఆ తలుపుకున్న రక్షణ కూడా ఈ పూటే చూసేయండి. నేల నుంచి సుమారు 15 సెంటీమీటర్ల లోపు ఎత్తులో తలుపుకి రెండు వైపులా ఉండే ఫోటో సెన్సార్‌లు, లేదా అడ్డును పసిగట్టే అలాంటి ఏర్పాటు, అమెరికాలో అమ్మకానికి తయారయ్యే ఇళ్ల మోటార్లకు 1993 నుంచి తప్పనిసరి అయ్యాయి. తలుపు దిగుతుండగా వాటి మధ్య ఒక చీపురు పెట్టండి, వెంటనే ఆగి పైకి వెళ్లాలి. వెళ్లకపోతే అది బాగుచేయించేదాకా బండి మీది బటన్‌తో తలుపు మూయొద్దు. బాగున్నా సరే, తలుపు పూర్తిగా కిందికి దిగడం కళ్లారా చూశాకే ముందుకు కదలండి. పిల్లలూ పెంపుడు జంతువులూ ఉన్న ఇంట్లో ఇది మరీ ముఖ్యం.

సెల్ మార్చే బాధ లేకుండా కావాలంటే

నాణెం సెల్‌తో నడిచే 3 వోల్టుల రిమోట్‌కి బండి నుంచే కరెంటు ఇవ్వాలని పట్టుదలగా ఉంటే, ఎల్‌ఎం 317 రెగ్యులేటర్‌తో ఇవ్వొచ్చు. 240 ఓమ్‌లు, 330 ఓమ్‌ల రెసిస్టర్లతో అది దాదాపు 2.97 వోల్టులు ఇస్తుంది. ఇంజన్ నడుస్తున్నప్పుడు బండి వోల్టేజి 14 దాటుతుంది కాబట్టి ఏ రిమోట్‌నీ నేరుగా కలపొద్దు, 12 వోల్టుల సెల్ వాడే రిమోట్‌ని కూడా. ఆ రెగ్యులేటర్ ఊరికే ఉన్నా 5 మిల్లీ ఆంపియర్లు తాగుతూ ఉంటుంది, అందుకే అది కూడా తాళం తర్వాతి వైరు మీదే ఉండాలి. నా మటుకు నేను ఏడాదికోసారి సెల్ మార్చుకోవడమే మేలంటాను. బండి కరెంటులో వచ్చే ఏ ఒడిదుడుకూ రిమోట్‌ని తాకదు.

ఆ కనెక్టర్ ఎందుకంటే

బండిని సర్వీసుకి ఇచ్చినప్పుడు తాళం చెవి కూడా ఇచ్చేస్తారు. అంటే మీ ఇంటి తలుపు బటన్ కూడా ఇచ్చినట్టే. బండి పత్రాల మీద చిరునామా ఎలాగూ ఉంటుంది. ఇచ్చేముందు సీటు తీసి ఆ రెండు పిన్నుల కనెక్టర్ లాగేయండి, తెచ్చుకున్నాక మళ్లీ తగిలించుకోండి. బండి అమ్మేటప్పుడైతే డబ్బాతో సహా విప్పేసుకోండి. బండి పోతే మాత్రం ఆలస్యం చేయకుండా మోటారు మీది లెర్న్ బటన్‌ని దాని లైటు ఆరిపోయేదాకా కొన్ని సెకన్లు నొక్కిపట్టండి. చాలా మోటార్లలో దీంతో జత చేసిన రిమోట్లన్నీ చెరిగిపోతాయి. తర్వాత మీ దగ్గర మిగిలినవి ఒక్కొక్కటిగా మళ్లీ జత చేసుకోండి. మీ మోటారుకి ఈ పద్ధతి సరిగ్గా ఎలాగో పుస్తకంలో ఇప్పుడే చూసి, ఆ పేజీని ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి.